వియన్నా నుంచి మార్లవాయికి: హైమన్‌డార్ఫ్ జీవితం



అడ్మిషన్ ఫారంలో ‘మాతృభాష’ అన్న గడి దగ్గర మీరు ఎంతసేపు ఆగారు? చాలామంది ఆగరు. ‘తెలుగు’ అని రాసేసి తర్వాతి గడికి వెళ్ళిపోతారు. కానీ మన గోలేటి టౌన్‌షిప్ సంగతి మీకు తెలిసిందే. సింగరేణి ఉద్యోగాల కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు ఇక్కడ ఉన్నాయి. కాస్త దూరం పోతే గోండు, కోలాం గూడేలు. నానమ్మతో ఒక భాష మాట్లాడి, స్కూల్ బస్సు ఎక్కగానే మరో భాషలోకి మారిపోయే పిల్లలు ఉంటారు. మొదటి భాషను తోటి పిల్లల ముందు దాచిపెట్టే పిల్లలూ ఉంటారు. అందుకే ఈ నెల మన జిల్లాలోనే సమాధి ఉన్న ఒక పరదేశి గురించి మీకు చెప్పాలనిపించింది.

క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1909లో వియన్నాలో పుట్టాడు. 1931లో అక్కడి విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ తీసుకున్నాడు. అస్సాం కొండ తెగల మీద రాసిన ఆ సిద్ధాంత గ్రంథం పూర్తయ్యేనాటికి ఆయన అస్సాం ముఖమే చూడలేదు! ఆ లోటు తీర్చుకోవడానికే కావచ్చు, 1936లో నాగా కొండలకు వెళ్ళి ఏడాదికి పైగా కోన్యాక్ నాగాల మధ్య గడిపాడు. 1938లో బెట్టీ అనే ఇంగ్లీషు యువతిని పెళ్ళి చేసుకున్నాడు. అదే ఏడాది హిట్లర్ ఆస్ట్రియాను జర్మనీలో కలిపేసుకున్నాడు.

ఆ కలయిక ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. 1939లో దంపతులిద్దరూ ఇండియాలో ఉండగా యుద్ధం మొదలైంది. పుట్టుక ఆస్ట్రియా, కాగితాల ప్రకారం జర్మనీ పౌరుడు, భార్య ఇంగ్లీషు మనిషి, ఉన్నది బ్రిటిష్‌వారి ఇండియాలో. ఏ ఊరివాడని చెప్పుకోవాలి? ప్రభుత్వం దృష్టిలో మాత్రం ఆయన శత్రుదేశస్థుడు. అయితే జైల్లో పెట్టకుండా నిజాం రాజ్యం దాటి పోకూడదన్న షరతుతో ఉండనిచ్చారు. ఆ కట్టడిలోనే ఆయన ముందు నల్లమల చెంచుల దగ్గరికి, తర్వాత గోదావరి ఒడ్డున కొండరెడ్ల దగ్గరికి, 1941లో ఆదిలాబాద్ గోండుల దగ్గరికి వెళ్ళాడు.

అప్పటికి జోడేఘాట్‌లో కుమురం భీం నేలకొరిగి ఎంతో కాలం కాలేదు. గోండులు ఎందుకు తిరగబడ్డారో నిజాం సర్కారుకు తెలియాలి. ఆ పని హైమన్‌డార్ఫ్‌కు దక్కింది. ఆయన గెస్ట్ హౌసులో కూర్చుని నివేదిక రాయలేదు. ఇప్పటి జైనూరు మండలంలోని మార్లవాయిలో గుడిసె వేసుకుని, భార్యతో కలిసి అక్కడే ఉన్నాడు. గోండి నేర్చుకున్నాడు. పరధానులు కిక్రి వాయిస్తూ పాడే వంశ కథలు రాసుకున్నాడు. భూమి పోవడమే అసలు గాయమని సర్కారుకు తేల్చి చెప్పాడు. ఆ తర్వాతి ఏళ్ళలో జిల్లాలో ఆదివాసులకు లక్ష ఎకరాలకు పైగా పట్టాలు వచ్చాయి.

ఇక్కడ ఒక మాట. ఆయనను దేవుణ్ణి చేసి మాట్లాడేవాళ్ళున్నారు. ఆయన జీతం ఇచ్చింది నిజామే. భీం ప్రాణం పోయాకే ఆ సర్కారుకు చెవులు వినిపించాయి. ఈ రెండూ మరచిపోకూడదని నా అభిప్రాయం.

తల్లిదండ్రులుగా మీకు ఎక్కువ ఆసక్తి కలిగించేది ఆయన బడి. 1943లో మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. అప్పట్లో రాజ్యంలో సర్కారీ భాష ఉర్దూ. చుట్టుపక్కల తెలుగు, మరాఠీ. గోండు పిల్లవాడు బడికి వెళ్తే అక్కడ వినిపించే ఒక్క మాటా వాడి ఇంట్లోది కాదు. కాబట్టి గోండిలోనే వాచకాలు తయారు చేయించారు. కొద్దిమంది గోండులకు మరాఠీ చదువు వచ్చు గనుక లిపి దేవనాగరి. మొదట సొంత భాషలో చదవడం, తర్వాత ఉర్దూ. ఇది అడవిలోనే ఉండిపొమ్మనే చదువు కాదని గమనించండి. కచేరీలో అర్జీ చదువుకోగలగాలి, ఇంట్లో కథ మరచిపోకూడదు. రెండూ కావాలనుకున్నారు.

దాదాపు అవే ఏళ్ళలో అమెరికాలో కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే నల్లజాతి దంపతులు చిన్నపిల్లల ముందు బొమ్మలు పెట్టి చూశారు. బొమ్మలన్నీ ఒకే అచ్చు, రంగు ఒక్కటే వేరు. మంచి బొమ్మ ఏదని అడిగితే నల్లజాతి పిల్లల్లోనే ఎక్కువమంది తెల్ల బొమ్మను చూపించారు. తెల్ల, నల్ల పిల్లలకు వేరు బడులు చెల్లవని 1954లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పిన తీర్పులో ఈ పరిశోధన ప్రస్తావన ఉంది. ఆ తర్వాత చాలాకాలానికి, 1993లో, టెరీసా లాఫ్రాంబాయిస్ అనే మనస్తత్వవేత్త, ఆమె సహచరులు ఒక పరిశీలన ప్రచురించారు. రెండు సంస్కృతుల్లో పెరిగే మనిషి ఒకదాన్ని వదులుకుంటేనే రెండోది వస్తుందన్న పాత నమ్మకాన్ని అది ప్రశ్నించింది. సందర్భాన్ని బట్టి రెండింటిలోనూ మెలగడం సాధ్యమేనంది. పిల్లలకు కౌన్సెలింగ్ చేసేవారికి ఇది పనికొచ్చే మాట. పిల్లవాడు క్లాసులో నోరు విప్పకపోతే చదువు రాక కాకపోవచ్చు. ఏ భాషలో నోరు విప్పితే నవ్వుతారో వాడికి తెలిసి ఉండవచ్చు.

మార్లవాయి ప్రయోగం మాత్రం ఎక్కువ కాలం నిలవలేదు. 1948లో నిజాం పాలన పోయింది. 1949లో హైమన్‌డార్ఫ్ లండన్‌లో అధ్యాపకుడిగా చేరాడు. గోండి వాచకాలు క్రమంగా మూలపడ్డాయి. 1970లలో మళ్ళీ ఆదిలాబాద్ వచ్చి చూస్తే, పట్టాలిచ్చిన భూముల్లో చాలావరకు చేతులు మారిపోయి ఉన్నాయి. ఆ బాధనంతా 1982లో భారతదేశ ఆదివాసులపై రాసిన పుస్తకంలో అంకెలతో సహా పెట్టాడు.

ఆ దంపతుల ఒక్కగానొక్క కొడుక్కి గోండులు లచ్చు పటేల్ అని పేరు పెట్టారు. ఇంగ్లండులో ఒక పేరు, మార్లవాయిలో మరో పేరు. ఏది అసలు పేరని ఆ గూడెంలో ఎవరూ అడిగినట్టు లేదు.

బెట్టీ 1987 జనవరి 11న హైదరాబాద్‌లో కన్నుమూసింది. ఆమెను మార్లవాయిలో గోండుల పద్ధతిలో సమాధి చేశారు. ఆయన 1995లో లండన్‌లో చనిపోయాడు. తర్వాత ఆయన అస్థికలూ అక్కడికే, ఆమె పక్కకే చేరాయి. ఏటా జనవరి 11న అక్కడ వర్ధంతి జరుగుతుంది. సంక్రాంతికి దగ్గరి రోజులే కాబట్టి పిల్లలను తీసుకెళ్ళాలనుకుంటే వీలు చూసుకోవచ్చు. ఇంకో సంగతి, ఫారంలో మాతృభాష గడిని సరిదిద్దాలనుకునే వారు క్లాస్ టీచర్‌కు చెబితే చాలు.