గణితాచార్యుడు జాన్ కెమెనీ

జాన్ కెమెనీ 1926 మే 31న హంగేరీ రాజధాని బుడాపెస్టులో ఒక యూదు కుటుంబంలో జన్మించారు. నాజీల భయంతో ఆ కుటుంబం 1940లో అమెరికా చేరింది. స్వదేశం వీడనన్న తాతగారు మారణహోమానికి బలయ్యారు.

ప్రిన్‌స్టన్‌లో ఐన్‌స్టీన్‌కు గణిత సహాయకులుగా పనిచేసిన కెమెనీ 1953లో డార్ట్‌మత్ కళాశాలలో చేరారు. కృత్రిమ మేధకు నామకరణం చేసిన జాన్ మెకార్తీని 1955లో ఆ కళాశాలకు రప్పించినవారు ఆయనే.

మనం రాసిన ఆజ్ఞలను యంత్రభాషలోకి మార్చే ప్రోగ్రామును కంపైలర్ అంటారు. ఆనాడు పెద్ద కంప్యూటర్లు, వాటి కంపైలర్లు చిన్న కళాశాలలకు అందని మాని పండ్లు. డార్ట్‌మత్ 1959లో తన స్తోమతకు తగిన చిన్న యంత్రాన్ని కొన్నది. దానికి ఆల్గాల్ భాష కంపైలరును నిర్మించినవారు నిపుణులు కారు, డిగ్రీ విద్యార్థులు! విద్యార్థుల శక్తి ఎంతటిదో కెమెనీకి అప్పుడు తెలిసింది.

ఒకే యంత్రాన్ని పలువురు ఏకకాలంలో వాడుకొనే పద్ధతిని తరువాత మెకార్తీ సూచించారు. సహాధ్యాపకుడు థామస్ కర్ట్‌జ్‌తో కలిసి కెమెనీ ఆ మార్గం పట్టారు. సాహిత్య, చరిత్ర విద్యార్థులకు సైతం సులభంగా పట్టుబడే భాష కావాలని 1963లో స్వయంగా కంపైలర్ రచనకు పూనుకొన్నారు. 1964 మే 1న, తెల్లవారుజామున నాలుగు గంటలకు, బేసిక్ భాషలో తొలి ప్రోగ్రాములు నడిచాయి. గ్రంథాలయంలో పుస్తకం వలెనే కంప్యూటరు కూడా విద్యార్థులకు ఉచితంగా లభించింది. 

1970 నుండి 1981 వరకు కళాశాల అధ్యక్షులుగా ఉంటూనే ఆయన పాఠాలు చెప్పారు. 1992 డిసెంబరు 26న కన్నుమూశారు.