హైదరాలీ - ఆగ్నేయబాణాలు

విమానం గాలిని ఆధారం చేసుకొని ఎగురుతుంది. మరి గాలియే లేనిచోట రాకెట్టు దేనిని ఆధారం చేసుకొని ఎగురుతుందని పిల్లలు తరచు అడుగుతారు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం విద్యార్థులు ఈ ప్రశ్నకు సమాధానం వెదకుతూ దూరం పోనక్కరలేదు. కుప్పానికి వాయవ్యాన, కోలారు సీమలోని బూదికోటలో 1720 ప్రాంతాన జన్మించిన హైదరాలీ చరిత్రలోనే అది ఉన్నది.

హైదరు తండ్రి ఫతే మహమ్మదు ఒకప్పుడు ఆర్కాటు నవాబు కొలువులో 50 మంది బాణాలవారికి నాయకుడు. ఆయన యుద్ధంలో మరణించేనాటికి హైదరు పసివాడు. చదువు అబ్బలేదు. అయినను అసాధారణమైన జ్ఞాపకశక్తి గలవాడు. మైసూరు సైన్యంలో చేరి, 1749లో దేవనహళ్లి ముట్టడిలో పేరుగాంచి, 1761 నాటికి రాజ్యాధికారమంతా చేజిక్కించుకున్నాడు. మదనపల్లెకు ఉత్తరాన ఉన్న గుర్రంకొండ దుర్గం కొంతకాలం అతని బావమరిది ఏలుబడిలో ఉండేది.

ఆగ్నేయబాణం మన దీపావళి తారాజువ్వకు అన్నగారు. సురేకారం, గంధకం, బొగ్గు కలిపిన మందు అంటుకొనగానే వేడి వాయువులు వెనుకకు దూసుకొనిపోతాయి. ఆ ప్రతిచర్యచేత గొట్టం ముందుకు పోతుంది. తుపాకి పేలినప్పుడు భుజాన్ని వెనుకకు తన్నడం కూడ ఇట్టిదే. మందు మండడానికి కావలసిన ప్రాణవాయువును సురేకారమే ఇస్తుంది. కనుక బయటి గాలితో పనిలేదు. కాగితపు గొట్టం అధికపీడనానికి చీలిపోతుంది. మైసూరు పనివారు ఇనుపగొట్టం వాడినందున పీడనం పెరిగి, బాణం సుమారు 2 కిలోమీటర్లు పోగలిగింది. వెనుక కట్టిన వెదురుకర్ర దానిని దారి తప్పనీయదు.

1780 సెప్టెంబరు 10న కాంచీపురం చెంత పొల్లిలూరులో హైదరు ఫిరంగులు, బాణాలు కర్నలు బెయిలీ సేనను చుట్టుముట్టినవి. మందుగుండు బండ్లు పేలిపోయి ఆంగ్లేయులు ఘోరంగా ఓడిపోయినారు. అయితే ఆ దండయాత్రలో కర్ణాటకసీమ పల్లెలు తగులబడినవి; పైరులు నాశనమై ప్రజలు క్షామానికి గురియైనారు. విజయగాథ చెప్పేవారు ఈ మాట మరువరాదు.

వీపుమీద లేచిన రాచపుండు చేత హైదరు 1782 డిసెంబరు 7న చిత్తూరు చెంత నరసింగరాయనిపేట దండులో కన్నుమూసినాడు. కుమారుడు టిప్పు బాణాల దళాన్ని మరింత పెంచినాడు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయిన పిమ్మట ఆంగ్లేయులు ఆ బాణాలను వూల్విచ్ ఆయుధశాలకు తరలించినారు. విలియం కాంగ్రీవ్ వాటిని పరిశీలించి, కొలిచి, ప్రయోగాలు చేసి, ఫలితాలను గ్రంథస్థం చేసినాడు. మన పనివారి నేర్పు మాత్రం చేతులతోనే అంతరించింది. వారి పేర్లు సైతం మిగలలేదు.

1980 జులై 18న శ్రీహరికోట నుండి ఎస్.ఎల్.వి.-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపింది. అదీ ఘనఇంధనపు రాకెట్టే. పొల్లిలూరు యుద్ధం జరిగి అప్పటికి రెండు వందల ఏండ్లు నిండడానికి రెండు నెలలే తక్కువ. చేతిలోని విద్యను కాగితం మీద పెట్టనివారు దానిని తిరిగి నేర్చుకొనడానికి ఎంతకాలం పట్టునో ఈ లెక్క తెలుపుతున్నది.