పత్తి పురుగు పేరులో ఉన్న డాక్టర్ కోనిగ్

కనిగిరి వైపు పత్తి కాయలు పగిలే రోజుల్లో చేలోకి వెళ్లి చూడండి. నల్ల మచ్చలున్న ఎర్ర పురుగులు గుంపులుగా కనిపిస్తాయి. గింజల రసం పీల్చి దూదికి మరకలు తెచ్చే రెడ్ కాటన్ బగ్ అది. శాస్త్రీయ నామం డిస్‌డెర్కస్ కోనిగి. మీ ఇంటి కరివేపాకు శాస్త్రీయ నామం చివరా అదే కోనిగి! ఎవరీయన?

జొహాన్ గెర్హార్డ్ కోనిగ్ 1728లో బాల్టిక్ ప్రాంతపు లివోనియాలో పుట్టాడు. స్వీడన్‌లో లినేయస్ దగ్గర చదివి, 1768లో తమిళనాడు తీరంలోని తరంగంబాడికి, డేనిష్ మిషన్ వైద్యుడిగా వచ్చాడు. మొక్కలు, పురుగులు సేకరిస్తూ తిరగడానికి ఆ జీతం చాల్లేదు. 1774లో ఆర్కాట్ నవాబు కొలువుకి మారాడు. 1778లో ఈస్టిండియా కంపెనీలో ప్రకృతి శాస్త్రవేత్త ఉద్యోగం వచ్చేసరికి వయసు 50కి దగ్గర. పాతికేళ్లకే లేటయిపోయింది అనుకునేవాళ్లు లెక్కేసుకోండి.

ఆయన పంపిన పురుగుల్ని యూరప్‌లో ఫాబ్రిషియస్ పరిశీలించి పేర్లు పెట్టేవాడు. మన ఎర్ర పురుగుకి 1775లో పేరొచ్చింది. కానీ సముద్రతీరపు తేమ, ఆపైన నెలల తరబడి ఓడ ప్రయాణం. పచ్చి పురుగుని పెట్టెలో మూస్తే బూజు ఖాయం. బూజు కింద మీసాలు, కాళ్లు, రెక్కల గీతలు కనిపించకపోతే అది ఏ జాతో ఎవరూ తేల్చలేరు.

అగ్రికల్చర్, జువాలజీ చదివేవాళ్లూ, మీ ఇన్సెక్ట్ బాక్స్‌దీ ఇదే సమస్య. పిన్ గుచ్చి రెక్కలు సర్దిన వెంటనే మూత పెట్టకండి, పూర్తిగా ఆరనివ్వండి. లావు మిడతైతే పొట్ట కింద చిన్న గాటు పెట్టి లోపలిదంతా తీసి, కాస్త దూది కూరండి. పెట్టెలో గాలి తేమ 65 శాతం లోపుంటే బూజు దాదాపు పెరగదు, అందుకు సిలికా జెల్ వేయండి. నాఫ్తలీన్ ఉండలు పెట్టాం కదా అంటారు చాలామంది. అవి నమూనాల్ని తినే పురుగుల్ని దూరం పెడతాయి గానీ బూజుని ఆపవు. ఇప్పటికే పట్టిందా? సన్న కుంచెని ఆల్కహాల్‌లో ముంచి మెల్లగా తుడవండి.

తమాషా ఏంటంటే, పురుగుకీ బూజుకీ స్నేహం కూడా ఉంటుందని రాసిన తొలివాళ్లలో కోనిగ్ ఒకడు. చెదపుట్టల లోపల ఉండే శిలీంధ్రం గురించి 1779లో అచ్చయిన ఆయన వ్యాసంలో ఉంది. నాకైతే ఆయన పనుల్లో ఇదే గొప్పగా అనిపిస్తుంది.

1785లో విరేచనాలతో మంచం పట్టాడు. సామర్లకోటలో ఉండే డాక్టర్ రాక్స్‌బర్గ్ వైద్యం చేసినా దక్కలేదు. జూన్ 26న కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. రాతలన్నీ లండన్‌లోని జోసెఫ్ బ్యాంక్స్‌కి వదిలాడు. ఖాళీ అయిన కంపెనీ ఉద్యోగం, విశాఖపట్నంలో ఉంటున్న మరో వైద్యుడు పాట్రిక్ రసెల్‌కి దక్కింది.