కుందవ (వేంగి రాణి)

కుందవ 11వ శతాబ్దానికి చెందిన వేంగి చాళుక్య రాణి. ఈమె చోళ చక్రవర్తి మొదటి రాజరాజు కుమార్తె, మొదటి రాజేంద్ర చోళుని చెల్లెలు, తూర్పు చాళుక్య రాజు విమలాదిత్యుని భార్య. నన్నయ భట్టారకుని చేత మహాభారతాన్ని తెనిగింపజేసిన రాజరాజ నరేంద్రుడు ఈమె కుమారుడు. వేంగి రాకుమారుడుగా పుట్టి చోళ సింహాసనాన్ని అధిష్ఠించిన మొదటి కులోత్తుంగ చోళుడు ఈమె మనుమడు. గోదావరి తీరానికీ కావేరి తీరానికీ మధ్య ఒక శతాబ్దానికి పైగా సాగిన బంధుత్వానికి ఈమె వివాహమే పునాది. అదే వివాహం వేంగి దేశాన్ని చోళులకూ పశ్చిమ చాళుక్యులకూ మధ్య యుద్ధభూమిగా మార్చిన కారణాలలో ఒకటి.

పేరు

తమిళ శాసనాలలో ఈ పేరు కుందవై అని, తూర్పు చాళుక్యుల సంస్కృత తామ్రశాసనాలలో కుందవా అని కనిపిస్తుంది. తెలుగు చరిత్ర గ్రంథాలలో కుందవ, కుందవ్వ, కుందవాంబ అనే రూపాలు వాడుకలో ఉన్నాయి. తెలుగునాట ఈ పేరు చాలా అరుదు. అయితే 10, 12 శతాబ్దాల మధ్య చోళ, చాళుక్య కుటుంబాలలో కనీసం నలుగురు ప్రముఖ స్త్రీలు ఈ పేరు కలిగి ఉన్నారు. ఒకరి చరిత్రను మరొకరిదిగా పొరబడే అవకాశం ఉన్నందున వారిని విడివిడిగా గుర్తించడం అవసరం.

మొదటి కుందవ 10వ శతాబ్ది మధ్యకాలంలో పాలించిన చోళ రాజు అరింజయుని రాణి. ఈమె వేంగి చాళుక్య రాజు భీముని కుమార్తె అయి ఉండవచ్చునని కొందరు చరిత్రకారుల అభిప్రాయం.

రెండవ కుందవ సుందర చోళుని కుమార్తె, మొదటి రాజరాజుకు అక్క. ఈమె వల్లవరైయన్ వందియదేవుని భార్య. తంజావూరు బృహదీశ్వరాలయానికి విలువైన కానుకలు సమర్పించి, అక్కడ తన తల్లిదండ్రుల లోహ విగ్రహాలను ప్రతిష్ఠింపజేసింది. దాదాపురంలో శివునికి, విష్ణువుకు, జినునికి వేర్వేరు ఆలయాలు కట్టించింది. కల్కి కృష్ణమూర్తి 1950-54 మధ్య రచించిన పొన్నియిన్ సెల్వన్ నవలలోనూ, దాని ఆధారంగా 2022, 2023 సంవత్సరాలలో విడుదలైన చలనచిత్రాలలోనూ కనిపించే కుందవై ఈమే. నేటి పాఠకులకు ఎక్కువగా తెలిసిన కుందవ కూడా ఈమే.

మూడవ కుందవ ఈ వ్యాసానికి విషయమైన వేంగి రాణి. రెండవ కుందవకు ఈమె మేనకోడలు. నాలుగవ కుందవ వేంగి రాణికి మనుమరాలు, కులోత్తుంగ చోళునికి సోదరి.

నేపథ్యం

973లో వేంగి రాజు దానార్ణవుని జటాచోడ భీముడు సంహరించి రాజ్యాన్ని ఆక్రమించాడు. దానార్ణవుని కుమారులు శక్తివర్మ, విమలాదిత్యుడు దేశాన్ని విడిచి వెళ్ళి, తరువాత చోళుల ఆశ్రయం పొందారు. తూర్పు చాళుక్యుల శాసనాలు వేంగి దేశం 27 సంవత్సరాలు తమ వంశపు రాజు లేకుండా ఉన్నదని చెబుతాయి.

985లో సింహాసనమెక్కిన మొదటి రాజరాజు ఈ రాకుమారుల పక్షం వహించాడు. ఆయన సహాయంతో సుమారు 1000 నాటికి శక్తివర్మ వేంగి సింహాసనాన్ని తిరిగి పొందాడు. ఈ సహాయం వెనుక చోళుల ప్రయోజనం కూడా ఉన్నది. పశ్చిమ దక్కనులో బలపడుతున్న కల్యాణి చాళుక్యులను అదుపులో ఉంచడానికి కృష్ణా గోదావరి మధ్య సారవంతమైన భూమి తమకు అనుకూలంగా ఉండడం వారికి ముఖ్యం. శక్తివర్మ తమ్ముడైన విమలాదిత్యునికి రాజరాజు తన కుమార్తె కుందవనిచ్చి వివాహం చేయడంతో ఈ రాజకీయ మైత్రి బంధుత్వంగా మారింది.

వేంగి రాణి

శక్తివర్మ పన్నెండు సంవత్సరాల పాలన తరువాత విమలాదిత్యుడు 1011 మే 10న పట్టాభిషిక్తుడయ్యాడు. ఈ తేదీ అమలాపురం ప్రాంతంలో లభించిన రణస్తిపూండి తామ్రశాసనం వలన తెలుస్తున్నది. భర్త పట్టాభిషేకంతో కుందవ వేంగి రాణి అయింది. విమలాదిత్యుడు జైన మతాన్ని ఆదరించినట్లు విజయనగరం సమీపంలోని రామతీర్థం శాసనం తెలుపుతున్నది. మామగారి రాజ్యంతో కూడా ఆయనకు సన్నిహిత సంబంధం కొనసాగింది. కావేరి తీరంలోని తిరువైయారు ఆలయానికి ఆయన వెండి కలశాలు సమర్పించినట్లు అక్కడి శాసనం చెబుతున్నది.

విమలాదిత్యునికి మేడవ అనే మరొక రాణి ఉన్నది. చోడ వంశీయురాలైన ఈమె జటాచోడ భీముని కుమార్తె అని చరిత్రకారులు భావిస్తారు. ఆ విధంగా విమలాదిత్యుని అంతఃపురంలో ఒక రాణి ఆయనకు రాజ్యం తిరిగి ఇప్పించిన వారి ఆడపడుచు, మరొక రాణి ఆయన తండ్రిని చంపినవాని కుమార్తె. కుందవకు రాజరాజ నరేంద్రుడు, మేడవకు విజయాదిత్యుడు జన్మించారు. తరువాతి నాలుగు దశాబ్దాల వేంగి చరిత్ర ఈ సవతి సోదరుల పోరాటమే.

కుమారుని పట్టాభిషేకం

విమలాదిత్యుడు సుమారు 1018లో మరణించాడు. రాజరాజ నరేంద్రుని పట్టాభిషేకం 1022 ఆగస్టు 16న జరిగింది. మధ్యలో గడచిన నాలుగు సంవత్సరాలు వారసత్వ కలహంలో గడిచాయని చరిత్రకారులు వివరిస్తారు. విజయాదిత్యునికి పశ్చిమ చాళుక్య రాజు రెండవ జయసింహుడు అండగా నిలిచాడు. రాజరాజ నరేంద్రునికి మేనమామ రాజేంద్ర చోళుడు సైన్యాన్ని పంపాడు. చోళ సేనల సహాయంతోనే కుందవ కుమారుడు సింహాసనమెక్కగలిగాడు.

రాజేంద్ర చోళుడు తన కుమార్తె అమ్మంగదేవిని రాజరాజ నరేంద్రునికి ఇచ్చి వివాహం చేశాడు. తెలుగువారికి పరిచితమైన మేనరికమే ఇది. మేనమామ కూతురిని పెండ్లాడడం వలన రాజరాజ నరేంద్రునికి చోళులు తల్లి తరఫున పుట్టింటివారు, భార్య తరఫున అత్తింటివారు కూడా అయ్యారు. కుందవ తన అన్న కూతురికి అత్తగారయింది.

కలిదిండి

ఈ బంధుత్వం వేంగికి శాంతిని ఇవ్వలేదు. సుమారు 1031లో విజయాదిత్యుడు రాజ్యాన్ని ఆక్రమించి పట్టాభిషేకం చేసుకున్నాడు. ఈ సంగతి ఆయన పాములవాక తామ్రశాసనం వలన తెలుస్తున్నది. కొన్నేళ్ళలోనే రాజరాజ నరేంద్రుడు తిరిగి అధికారంలోకి వచ్చాడు.

కర్ణాట సైన్యంతో జరిగిన పోరులో చోళులు పంపిన ముగ్గురు సేనాధిపతులు మరణించారు. రాజరాజ బ్రహ్మ మహారాజు, ఉత్తమచోడ చోడగోన్, ఉత్తమచోడ మిలాడుడైయాన్ అని వారి పేర్లు. మేనమామ పంపగా వచ్చి పరాయి నేలపై ప్రాణాలు విడిచిన ఈ ముగ్గురి స్మృత్యర్థం రాజరాజ నరేంద్రుడు కలిదిండిలో శివాలయాలు కట్టించి భూదానం చేశాడు. ఆ తామ్రశాసనం నేటి ఏలూరు జిల్లాలోని కలిదిండిలో లభించింది. కుందవ వివాహంతో ఏర్పడిన మైత్రికి రెండు దేశాల సైనికులు చెల్లించిన మూల్యం ఎంతటిదో ఈ శాసనం వలన తెలుస్తున్నది.

రాజమహేంద్రవరం

రాజరాజ నరేంద్రుని పాలన 1061 వరకు సాగింది. ఆయన రాజధాని రాజమహేంద్రవరం. ఆయన ప్రోత్సాహంతోనే నన్నయ మహాభారతాంధ్రీకరణకు పూనుకొని ఆది, సభా పర్వాలను, అరణ్య పర్వంలో కొంత భాగాన్ని రచించాడు. నన్నయకు తోడ్పడిన నారాయణభట్టుకు రాజు నందంపూడి గ్రామాన్ని దానం చేశాడు. కోనసీమకు చెందిన ఈ నందంపూడి తామ్రశాసనాన్ని రచించినది నన్నయే.

ఇక్కడ గమనించదగిన విషయం ఒకటి ఉన్నది. తెలుగు సాహిత్యానికి ఆదికావ్యంగా భావించబడే గ్రంథాన్ని రాయించిన రాజుకు తల్లి, భార్య ఇద్దరూ చోళ రాకుమార్తెలు. ఆయన పేరు కూడా తమిళదేశపు మాతామహునిదే. అయినప్పటికీ ఆయన కోరుకున్నది తెలుగులో భారతం. రాజకీయంగా చోళుల అండపై ఆధారపడిన రాజ్యంలో దేశభాషకు కావ్యగౌరవం దక్కడం విశేషం.

మనుమలు

రాజరాజ నరేంద్రుని మరణానంతరం విజయాదిత్యుడు వేంగిని తిరిగి పొంది తన కుమారుడు రెండవ శక్తివర్మను రాజుగా నిలిపాడు. శక్తివర్మ ఏడాదికే యుద్ధంలో మరణించగా, పుత్రశోకంలో ఉన్న విజయాదిత్యుడు తిరిగి తానే రాజ్యభారం స్వీకరించాడు. ఆయనకు సంబంధించిన తామ్రశాసనాలు కోనసీమలోని ర్యాలిలో దొరికాయి.

రాజరాజ నరేంద్రుడు, అమ్మంగదేవి దంపతుల కుమారునికి మాతామహుని పేరిట రాజేంద్రుడని పేరు పెట్టారు. ఇతడు మరొక మేనమామ అయిన రెండవ రాజేంద్ర చోళుని కుమార్తె మధురాంతకిని వివాహమాడాడు. చోళ రాజు అధిరాజేంద్రుడు 1070లో మరణించినపుడు, తండ్రి వైపు చాళుక్యుడు, తల్లి వైపు చోళుడు అయిన ఈ రాజేంద్రుడు చోళ సింహాసనాన్ని అధిష్ఠించి కులోత్తుంగుడని ప్రసిద్ధి పొందాడు. కుందవ గోదావరి తీరానికి కోడలుగా వచ్చిన కొన్ని దశాబ్దాలకు ఆమె మనుమడు ఆమె పుట్టింటి రాజ్యానికే రాజయ్యాడు. ఆ తరువాత వేంగి స్వతంత్ర రాజ్యంగా కాక, కులోత్తుంగుని కుమారులు ప్రతినిధులుగా పాలించే ప్రాంతంగా మారింది. మొదట వచ్చిన రాజరాజ ముమ్మడి చోడుడు తల్లిదండ్రులకు దూరంగా ఉండలేక ఏడాదికే తిరిగి వెళ్ళిపోయాడని చెల్లూరు శాసనం చెబుతున్నది. ఆయన స్థానంలో వీరచోడుడు వచ్చాడు.

కులోత్తుంగుని సోదరి కుందవకు పితామహి పేరు పెట్టారు. ఈమె 1114లో చిదంబరం నటరాజ ఆలయానికి బంగారు తాపడం చేయించి, బంగారు పాత్రను, అద్దాన్ని సమర్పించినట్లు అక్కడి శాసనం తెలుపుతున్నది. కాంభోజ రాజు కులోత్తుంగునికి పంపిన ఒక రాతిని గురించి కూడా అదే శాసనంలో ప్రస్తావన ఉన్నది. ఆ విధంగా తంజావూరు నుండి వేంగికి వచ్చిన పేరు మూడవ తరంలో తిరిగి తమిళదేశానికి చేరింది.

శాసనాధారాలు

కుందవ గురించి తెలిపే ఆధారాలలో గోదావరి తీరంలోని కోరుమిల్లిలో దొరికిన రాజరాజ నరేంద్రుని తామ్రశాసనం, రామచంద్రపురం ప్రాంతంలోని చెల్లూరులో దొరికిన వీరచోడుని తామ్రశాసనం ముఖ్యమైనవి. ఇవి చాళుక్య వంశావళిని వరుసగా వర్ణిస్తూ, విమలాదిత్యుని రాణి కుందవ సూర్యవంశపు రాజరాజు కుమార్తె అనీ, రాజేంద్ర చోళుని సోదరి అనీ చెబుతాయి. ఆమె జనన మరణ సంవత్సరాలు గాని, వివాహం జరిగిన తేదీ గాని వాటిలో లేవు.

సాధారణంగా రాజవంశావళులలో తండ్రి వైపు పరంపరకే ప్రాధాన్యం ఉంటుంది. ఈ శాసనాలలో మాత్రం తల్లి పుట్టింటి వివరాలు స్పష్టంగా ఉన్నాయి. సవతి సోదరునితో పోటీలో ఉన్న రాజుకు తల్లి ఎవరి కుమార్తె, ఎవరి సోదరి అన్నది రాజ్యాధికారానికి సంబంధించిన విషయం. చోళ రాజ్యాన్ని పొందిన కులోత్తుంగుని సంతతికి అది మరింత ముఖ్యం.

జనశ్రుతి

రాజమహేంద్రవరం ప్రాంతంలో రాజరాజ నరేంద్రుని పేరు చెప్పగానే గుర్తుకు వచ్చేది సారంగధర కథ. అందులోని చిత్రాంగి, రత్నాంగి పాత్రలు కావ్యాల ద్వారా, ముఖ్యంగా నాటకాల ద్వారా ప్రజలకు సుపరిచితం. చేమకూర వేంకటకవి సారంగధర చరిత్రము, ధర్మవరం రామకృష్ణమాచార్యుల విషాద సారంగధర నాటకం ఈ కథను ప్రచారంలోకి తెచ్చిన వాటిలో ముఖ్యమైనవి. నగరంలో సారంగధర మెట్ట అనే ప్రదేశం కూడా ఉన్నది. అయితే ఈ కథకు రాజరాజ నరేంద్రుని శాసనాలలో ఆధారం లేదు. శాసనాలలో కనిపించే ఆయన రాణి అమ్మంగదేవి, తల్లి కుందవ. కథలోని స్త్రీలు ప్రజల నోళ్ళలో నిలిచారు. చరిత్రలోని స్త్రీలు రాగిరేకులకే పరిమితమయ్యారు.

ప్రాముఖ్యత

కుందవ స్వయంగా రాజ్యమేలినట్లు గాని, యుద్ధాలు నడిపినట్లు గాని ఆధారాలు లేవు. ఆమె చరిత్ర ఆమె బంధువుల చరిత్ర ద్వారానే తెలుస్తున్నది. తండ్రి పేరు కుమారునికి, అన్న పేరు మనుమనికి, తన పేరు మనుమరాలికి రావడాన్ని గమనిస్తే రెండు రాజవంశాలు మూడు తరాలలో ఎలా ఒక్కటయ్యాయో స్పష్టమవుతుంది. విమలాదిత్యునితో ఆమె వివాహం జరగకపోతే రాజరాజ నరేంద్రునికి చోళుల అండ గాని, కులోత్తుంగునికి చోళ సింహాసనం గాని లభించేవి కావు. ఆంధ్ర మహాభారతావతరణకు నేపథ్యమైన రాజ్యాన్ని నిలబెట్టినది ఆ అండయే. కాబట్టి తెలుగు సాహిత్య చరిత్రలోనూ, దక్షిణ భారత రాజకీయ చరిత్రలోనూ ఈమె పేరు గుర్తుంచుకోదగినది.