కొలిచి గీసిన దొర – కల్నల్ కాలిన్ మెకంజీ



మన ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవితం గురించి రాయవలసిందిగా సంపాదకవర్గం వారు నన్ను కోరారు. కవుల గురించి, నాయకుల గురించి నాకంటె బాగా రాయగలవారు మనలో ఎందరో ఉన్నారు. నేను ముప్పై మూడు సంవత్సరాలు సర్వే శాఖలో గొలుసు వెంట నడిచినవాణ్ణి. అందుచేత నా వృత్తికి పెద్దదిక్కు వంటి కల్నల్ కాలిన్ మెకంజీ గారి గురించి నాలుగు మాటలు రాస్తున్నాను. ఊరూరి కైఫీయత్తులు రాయించిన దొరగా ఆయన పేరు మీలో చాలామంది వినే ఉంటారు. లెక్కల మీది ఆసక్తితో మన దేశం వచ్చిన ఆ మనిషి చివరకు మన తెలుగు శిల్పానికి ఎలా సాక్షిగా నిలిచారన్నదే నేను చెప్పదలచిన సంగతి.

ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. విజయనగరం జిల్లా ఇంకా ఏర్పడని రోజులు, అంటే 1979కి ముందు మాట. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పల్లెలో నేలబావికి మెట్టుగా వేసిన చెక్కడపు రాయి ఒకటి చూశాను. బాగా అరిగిపోయినా దానిమీద తామరపువ్వు, దానికి ఇరువైపులా చేతులు జోడించిన మనుషులు పోల్చుకోగలిగేటట్టే ఉన్నారు. నా కొలత గీత నుంచి అది ఎన్ని లింకుల దూరంలో ఉందో ఫీల్డు పుస్తకంలో రాసుకొని, పక్కన రాయి అని ఒక్క మాట వేసి ముందుకు పోయాను. రెండేళ్ళ తరువాత మళ్ళీ ఆ ఊరు వెళితే ఆ రాయి లేదు. ఎవరింటి పునాదిలోకో పోయిందన్నారు. అది ఉన్న చోటు ఈనాటికీ లింకులతో సహా చెప్పగలను. అది ఎలా ఉండేదో మాత్రం ఎవరికీ చూపించలేను. మెకంజీ గారి జీవితం చదివినప్పుడల్లా నాకు ఆ రాయే కళ్ళముందు నిలుస్తుంది.

మెకంజీ 1754లో స్కాట్లండుకు వాయవ్యాన ఉన్న లూయిస్ దీవిలో, స్టోర్నోవే అనే రేవు ఊరిలో జన్మించారు. తండ్రి పోస్టుమాస్టరు. కొడుకు కూడా మొదట ఆ ఊళ్ళోనే సుంకాల శాఖలో ఉద్యోగం చేశారు. మనవంటి నెలజీతగాళ్ళ కుటుంబమే అనుకోండి. అయితే కుర్రవాడు లెక్కలలో దిట్ట అని చుట్టుపక్కల ప్రభువుల వరకు పేరు పాకింది.

ఆ దేశంలో నేపియర్లని ఒక గొప్ప వంశం ఉంది. ఆ వంశానికి చెందిన జాన్ నేపియర్ 1614లో లాగరిథమ్‌లను లోకానికి అందించాడు. మనం చదువుకొనే రోజుల్లో చేతపట్టుకు తిరిగిన లాగరిథమ్ పట్టికల పుస్తకం ఆయన చలవే. గుణకారాన్ని కూడికగా, భాగహారాన్ని తీసివేతగా మార్చే ఆ ఉపాయం లేకపోతే సర్వేయర్లు, నావికులు, ఖగోళ పండితులు జీవితమంతా గుణించుకుంటూనే గడిపి ఉండేవారు. ఆయన వారసుడైన ఒక ప్రభువు పూర్వీకుని జీవితచరిత్ర రాయాలనుకున్నాడు. అందుకోసం హిందువులకు గణితం ఎంతవరకు తెలుసునో, లాగరిథమ్‌ల వంటివి వారి వద్ద ఉన్నాయేమో విచారించాలని మెకంజీ సాయం తీసుకున్నాడు. ఆ ప్రభువు కాలం చేయడంతో పుస్తకం ఆగిపోయింది. కాని మెకంజీకి పట్టుకున్న ధ్యాస ఆగలేదు.

1783లో, సుమారు ఇరవైతొమ్మిదేళ్ళ వయసులో, కంపెనీ సైన్యంలో ఉద్యోగం సంపాదించుకొని ఆయన మద్రాసులో దిగారు. నేపియర్ ప్రభువు కుమార్తె అప్పట్లో భర్తతో మధురలో ఉండేది. ఆమె మెకంజీని పిలిపించుకొని అక్కడి పండితులతో పరిచయం చేయించింది. గణితం గురించి అడగబోయి, ఈ దేశంలో తాళపత్రాల్లోను, రాళ్ళమీద, మనుషుల నోళ్ళలోను ఎంత చరిత్ర దాగి ఉందో ఆయన గ్రహించింది అక్కడే.

ఆ తరువాత చాలా సంవత్సరాలు కొలతలు, యుద్ధాలు. నెల్లూరు, గుంటూరు సీమలలో, నిజాం రాజ్యంలో ఆయన సర్వే చేశారు. మైసూరు యుద్ధాల్లో ఇంజనీరుగా పనిచేశారు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయిన తరువాత మైసూరు సర్వే ఆయన చేతికి వచ్చింది. సుమారు 40,000 చదరపు మైళ్ళ నేల! ఆ పటాలు కంపెనీవారి ఫిరంగులకు, శిస్తు వసూళ్ళకు దారి చూపించాయన్నది నిజం. దానిని దాచనక్కరలేదు. కాని అదే గొలుసు పట్టుకొని తిరుగుతూ, పనిలో పనిగా, గుళ్ళను, శాసనాలను, శిల్పాలను కూడా నమోదు చేయించిన ఘనత ఆయనది.

ఆయనకు మన భాషలు రావు. ఆ లోటు తీర్చినవారు మన తెలుగువారే. ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య గారు ఆయనకు కుడిభుజం. పాత లిపుల శాసనాలను చదివి చెప్పిన ఆ ప్రతిభాశాలి 1803లో, ఇరవై ఏడేళ్ళ ప్రాయంలోనే కన్నుమూశారు. తరువాత తమ్ముడు లక్ష్మయ్య గారు ఆ భారం మోశారు. బొర్రయ్య దొరికిన తరువాతనే తనకు ఈ దేశపు విజ్ఞానానికి తలుపు తెరుచుకుందని మెకంజీ స్వయంగా ఒప్పుకున్నారు.

ఇక్కడ కొంచెం ఆగి లెక్కకు, బొమ్మకు ఉన్న బంధుత్వం చెప్పాలి. పై చూపుకు రెండూ ఎడమొహం పెడమొహంగా కనిపిస్తాయి. నిజానికి అవి అక్కచెల్లెళ్ళు. మన శిల్పులు విగ్రహాన్ని తాళమానంతో చెక్కుతారు. ముఖం పొడవు ఒక తాళం, తాళానికి పన్నెండు అంగుళాలు. నవతాళమైతే మొత్తం 108 అంగుళాలు, ఉత్తమ దశతాళమైతే 124. ఈ అంగుళం మన స్కేలు మీది అంగుళం కాదు. విగ్రహం ఎత్తునుబట్టి మారే భాగం. అందుకే జానెడు విగ్రహానికైనా, నిలువెత్తు విగ్రహానికైనా రూపంలో పొంకం చెడదు. ఇటు ఇటలీలో 15వ శతాబ్దంలో బ్రూనెలెస్కీ, ఆల్బెర్టీ వంటివారు, దూరం పెరిగేకొద్దీ వస్తువు ఎంత చిన్నదిగా కనబడుతుందో లెక్కకట్టి చిత్రానికి లోతు తెచ్చారు. పియెరో డెల్లా ఫ్రాంచెస్కా అయితే చిత్రకారుడూ, గణితజ్ఞుడూ కూడా. ఆ లెక్కకు మూలం సరూప త్రిభుజాలే. సర్వేయరు నది ఇవతల నిలబడి అవతలి గట్టు దూరం తేల్చేదీ ఆ త్రిభుజాలతోనే. కాబట్టి సర్వేయరు చేతిలో పెన్సిలు ఉండడం వింతేమీ కాదు.

మెకంజీ గారి జీవితంలో ఆ రెండూ కలిసిన చోటు అమరావతి. 18వ శతాబ్దం చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు గారు అక్కడ కొత్త పట్టణం కట్టిస్తూ ఉండగా, ఇటుకల కోసం, రాళ్ళ కోసం కూలీలు దీపాలదిన్నె అనే మట్టిదిబ్బను తవ్వారు. తెల్లని చెక్కడపు పలకలు బయటపడ్డాయి. కబురు విని మెకంజీ 1797–98 ప్రాంతంలో వెళ్ళి చూశారు. అది బౌద్ధుల మహాస్తూపమని అప్పటికి ఎవరికీ తెలియదు. ఆయన రాసిన వివరం 1807లో కలకత్తా ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది.

1815లో ఆయన భారతదేశపు మొట్టమొదటి సర్వేయర్ జనరల్ అయ్యారు. 1816లో సహాయకులను వెంటబెట్టుకొని మళ్ళీ అమరావతి వచ్చేసరికి దిబ్బ నడుమ చెరువు తవ్వేశారు. పలకలు కొన్ని మెట్లకు, కొన్ని కట్టడాలకు పోయాయి. మిగిలినవి కూడా ఎంతకాలం ఉంటాయో తెలియని స్థితి. ఆయన చేసిందల్లా తనకు తెలిసిన పనే. ముందు స్థలం కొలిపించి పటం వేయించారు. ఏ పలక ఎక్కడుందో అందులో గుర్తింపించారు. తరువాత ఒక్కొక్క పలకను బొమ్మ గీయించి, అది దొరికిన చోటు, గీసిన తేదీ, గీసినవారి పేరు రాయించారు. హామిల్టన్, న్యూమన్, ఆండర్సన్ వంటి ఆయన సహాయకులు ఆ చిత్రాలు గీశారు. పని రెండు మూడేళ్ళపాటు విడతలుగా సాగింది. ఎనభైకి పైగా చిత్రాలు తయారయ్యాయి. ఈనాడు ఆ సంపుటం లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

తరువాతి కాలంలో ఎన్నో పలకలు పగిలిపోయాయి, మాయమయ్యాయి, సున్నపుబట్టీల పాలయ్యాయి. కొన్నిటిని మెకంజీయే కలకత్తాకు పంపారు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసుకు, అక్కడినుంచి 1859లో చాలావరకు లండనుకు చేరాయి. స్తూపం ఉన్న చోటున మిగిలింది నేలమట్టపు వలయం మాత్రమే. రాయి పోయిన చోట కాగితమే మనకు ఆధారం. గుండ్రని కట్టడంలో మూడు రాళ్ళు తమ చోట కదలకుండా ఉంటే చాలు, కేంద్రం ఎక్కడో, వ్యాసం ఎంతో తేల్చవచ్చునని మనం హైస్కూలు రేఖాగణితంలోనే నేర్చుకున్నాం. కాని ఆ రాళ్ళు ఎక్కడుండేవో ఎవరో ఒకరు ముందుగా రాసిపెట్టాలి కదా! పైగా ఆ పలకల మీదే శిల్పులు స్తూపం బొమ్మ చెక్కి ఉంచారు. కొలత, బొమ్మ రెండూ ఉండబట్టే తరువాతి పండితులు మహాస్తూపం రూపాన్ని ఊహించుకోగలిగారు.

అదే 1816లో థామస్ హికీ అనే చిత్రకారుడు మెకంజీ గారి చిత్తరువు గీశాడు. ఎర్రకోటుతో ఆయన, చుట్టూ ముగ్గురు భారతీయ సహాయకులు. ఒకరి చేతిలో దుర్భిణి. వెనుక దూరాన కార్కళ గోమటేశ్వరుడు. తన గొప్ప తనొక్కడిదే కాదని ఆ పటంలో ఆయన చెప్పకనే చెప్పారనిపిస్తుంది.

1783లో ఓడ ఎక్కిన మనిషి మళ్ళీ సొంత ఊరు చూడలేదు. పోగుచేసినదంతా సర్దుకొని, పట్టిక రాసుకోవాలన్న కోరిక తీరలేదు. పదవీ విరమణ అన్నది లేకుండానే 1821 మే 8న, కలకత్తా సమీపంలో కన్నుమూశారు. పార్క్ స్ట్రీట్ శ్మశానంలో ఆయన సమాధి ఉంది. ఆయన సేకరణను ప్రభుత్వం ఆయన భార్య వద్ద లక్ష రూపాయలకు కొన్నది. లెక్క చూస్తే అందులో 8,076 శాసనాల నకళ్ళు, 79 పటాలు, 2,630 చిత్రాలు ఉన్నాయి. చిత్రాల సంఖ్య గమనించండి. లెక్కల కోసం వచ్చిన మనిషి బొమ్మల గని మిగిల్చి వెళ్ళారు.

మా రామతీర్థానికి బోడికొండ మీది కోదండరాముని దర్శనానికి మీరందరూ వస్తూనే ఉంటారు. గురుభక్తుల కొండ ఎక్కేవారు మాత్రం తక్కువ. అక్కడ బౌద్ధుల నాటి ఇటుక కట్టడాల శిథిలాలు ఉన్నాయి. 1910 ప్రాంతంలో పురావస్తు శాఖవారు తవ్వించి వెలికితీసినవి. మొన్న సంక్రాంతికి వచ్చిన మా మనుమరాలు వాటిని ఫోనులో చకచకా ఫోటోలు తీసింది. ఆ గోడ పొడవెంతో ఫోటో చూసి చెప్పమన్నాను. చెప్పలేకపోయింది. మర్నాడు తాతా మనుమరాళ్ళం టేపు, కాగితం తీసుకొని మెల్లగా కొండ ఎక్కాం. నా మోకాళ్ళు మొరాయించినా, రాతిని ముట్టకుండా, ఒక గోడ వరకు కొలిచాం. అమ్మాయి బొమ్మ గీసి, కొలతలు వేసి, కింద తేదీ, తన పేరు రాసింది. ఆ బావిగట్టు రాయికి నేను చేయవలసిన పని ఏభై ఏళ్ళ తరువాత మరో రాతికి జరిగింది.

మెకంజీ గారికి దక్కని విశ్రాంతి మనకు దక్కింది. మీ ఊరి పాత మండపమో, వీరగల్లో, చెరువుగట్టు మీది శాసనమో ఉంటే, పిల్లల్ని వెంటబెట్టుకొని ఒక్క పూట వెళ్ళండి. కొలవండి, గీయించండి, తేదీ వేయించండి. తప్పొప్పులుంటే పెద్దలు మన్నించగలరు. సెలవు.

– ఒక విశ్రాంత సర్వేయరు, రామతీర్థం