పాపరాజ్జీలకు మూలపురుషుడు

1997 ఆగస్టు 31న పారిస్‌లో డయానా కారు ప్రమాదంలో మరణించినప్పుడు మన ఇళ్ళలో కూడా ఒక కొత్తమాట వినబడింది. అదే పాపరాజ్జీ. పేరున్నవారి వెంటపడి, వారు వద్దన్నా ఫొటోలు తీసి పత్రికలకు అమ్ముకునేవారని దాని అర్థం. ఆ మాట పుట్టుకకు ముఖ్య కారకుడు ఇటలీ దేశస్థుడైన తాత్సియో సెక్కియారోలి.

అతడు 1925లో రోమునగరంలో పుట్టాడు. పెరిగింది చెంతోచెల్లె అనే కష్టజీవుల పేటలో. యుద్ధకాలంలో రోముకు వచ్చిన అమెరికా సైనికులకు వీధుల్లో ఫొటోలు తీసి పొట్టపోసుకున్నాడు. 1951లో ఒక వార్తాఫొటోల సంస్థలో చేరి పని నేర్చుకుని, 1955లో స్నేహితునితో కలిసి సొంత సంస్థ పెట్టాడు.

రాత్రివేళ వియా వెనెతో వీధిలో సినిమా తారల కోసం కాపు కాయడం అతని వృత్తి. 1958 ఆగస్టులో ఒక రాత్రి, పదవి పోయిన ఈజిప్టు రాజు ఫరూక్ కోపంతో అతని మీద పడ్డాడు. తోటి ఫొటోగ్రాఫరు ఆ దృశ్యాన్ని కెమెరాలో బంధించాడు. వేటగాడే బొమ్మయ్యాడన్నమాట!

మనబోటివారు ఆలోచించవలసిన సంగతి మరొకటుంది. అదే ఏడాది తెర్ని పట్టణం దగ్గర కొందరు పిల్లలు తమకు మరియమాత కనిపించిందని చెప్పారు. జనం విరగబడ్డారు. సెక్కియారోలి కూడా కెమెరాతో వెళ్ళాడు. అది ఉత్తుత్తి అద్భుతంగానే మిగిలిపోయింది. దర్శకుడు ఫెల్లీని ఆ ఉదంతాన్ని 'లా దోల్చె వీతా' సినిమాలోకి తీసుకున్నాడు. సెక్కియారోలిని, అతని తోటివారిని కూర్చోబెట్టుకుని వారి అనుభవాలు విన్నాడు. సినిమాలోని ఫొటోగ్రాఫరు పాత్రకు పాపరాజ్జో అని పేరు పెట్టాడు. 1960లో సినిమా విడుదలైనప్పుడు వాటికన్ దినపత్రిక తీవ్రంగా ఖండించింది. ఆ కోపానికి కారణాలు లేకపోలేదు. అయినా ఆ దర్శనఘట్టంలో ఎగతాళి పాలైంది దేవమాత కాదు, పసిపిల్లల చుట్టూ దీపాలు, కెమెరాలు బిగించిన పెద్దలే అని నాకనిపిస్తుంది.

తర్వాత సెక్కియారోలి ఆ వేట మానేశాడు. ఫెల్లీని సినిమాలకు షూటింగు ఫొటోలు తీశాడు. నటి సోఫియా లోరెన్‌కు దాదాపు ఇరవై ఏళ్ళు సొంత ఫొటోగ్రాఫరుగా ఉన్నాడు. ఒకప్పుడు ఎవరి తలుపుల దగ్గర పొంచి ఉన్నాడో వారే పిలిచి లోపల కూర్చోబెట్టారు. 1983లో వృత్తి చాలించుకున్నాడు.

1998 జూలైలో రోములో కన్నుమూశాడు. డయానా మరణించి అప్పటికింకా ఏడాది నిండలేదు.