ఎడ్వర్డ్ వింపర్ - పాత తాడు

ఎడ్వర్డ్ వింపర్ 1840వ సంవత్సరంలో లండన్ నగరంలో జన్మించాడు. తండ్రి చెక్కమీద బొమ్మలు చెక్కి అచ్చు వేసేవాడు. వింపర్ 14 ఏళ్ళకే బడి మానేసి ఆ పనిలో చేరాడు. అంటే మన వయసే అన్నమాట. 20 ఏళ్ళప్పుడు ఒక పుస్తకాల కంపెనీవాళ్ళు ఆల్ప్స్ కొండల బొమ్మలు గీసుకు రమ్మని పంపించారు. అక్కడ ఆయనకి కొండలెక్కే పిచ్చి పట్టుకుంది.

స్విట్జర్లాండ్, ఇటలీ మధ్యలో మాటర్‌హార్న్ అనే కొండ ఉంది. ఎత్తు 4478 మీటర్లు. దాన్ని అప్పటిదాకా ఎవ్వరూ ఎక్కలేదు. వింపర్ ఎన్నోసార్లు పోయి మధ్యలోనే తిరిగొచ్చాడు. చివరికి 1865 జూలై 14న ఏడుగురు కలిసి శిఖరం చేరారు. గంటసేపు పైనే సంతోషంగా ఉన్నారు.

దిగేటప్పుడు అందరూ తాళ్ళతో ఒకరికొకరు కట్టుకున్నారు. ఆ సమయంలో వింపర్ శిఖరం బొమ్మ గీస్తున్నాడు, ఏ తాడు కట్టారో చూడలేదు. వాళ్ళ దగ్గర మూడు రకాల తాళ్ళున్నాయి. రెండు గట్టివి. మూడోది పాతది, సన్నది. అవసరమైతే రాతికి కట్టి వదిలేసి రావడానికి తెచ్చిందే గాని మనుషులకు కట్టడానికి కాదు. కాని డగ్లస్ అనే యువకుడికీ, పెద్ద పీటర్ అనే దారి చూపే ఆయనకీ మధ్య అదే కట్టారు!

హాడో అనే 19 ఏళ్ళ కుర్రాడు జారాడు. ముందున్న క్రోజ్‌కి తగిలాడు. వెనక హడ్సన్, డగ్లస్ కూడా లాక్కుపోబడ్డారు. పీటర్, వింపర్ రాళ్ళు పట్టుకుని గట్టిగా నిలబడ్డారు. తాడు ఆగలేదు, తెగింది. నలుగురు పడి చనిపోయారు. పీటరే తాడు కోశాడని జనం అనుకున్నారు. విచారణలో ఆయన తప్పు లేదని తేలింది. తెగిన కొసలో కోసిన గుర్తు లేదని వింపర్ కూడా చెప్పాడు.

నాకేమనిపిస్తుందంటే, పాత తాడు మంచి తాళ్ళతోపాటు ఒకే మూటలో ఉండబట్టే ఇలా అయింది. ఇప్పుడు కొండలెక్కేవాళ్ళు అరిగిన తాడునీ, పెద్ద పడుపు ఆపిన తాడునీ మళ్ళీ వాడరు. పైకి బాగానే కనపడినా సరే. ఎవరూ పొరపాటున తీసుకోకుండా ముక్కలుగా కోసేస్తారు. అయ్యో దండగ అనిపిస్తుంది గదా, తాడు ఖరీదే మరి.

వింపర్ తర్వాత 1880లో దక్షిణ అమెరికాలో చింబొరాజో కొండ ఎక్కాడు. 1911లో ఆల్ప్స్‌లోనే షామొనీ ఊళ్ళో చనిపోయాడు. తెగిన తాడు ముక్కని జెర్మాట్ మ్యూజియంలో పెట్టారు. డగ్లస్ శవం మాత్రం దొరకనే లేదు.